చెయ్యి దిగే వేళ

టక్.

ఎండుకొమ్మ విరిగినట్టు, కానీ అంతకంటే చిన్నగా. తలుపు గడియ పడినట్టు, కానీ అంతకంటే దగ్గరగా. నేనింకా కళ్ళు తెరవలేదు. రేకుల మీద నిలిచిన వాన చుక్క కిందికి జారిందనుకున్నాను. బల్లి అనుకున్నాను. దుప్పటి లాక్కుంటూ వేళ్ళు ముడిచాను. మళ్ళీ టక్. ఆ చప్పుడు నా లోపలిదని అప్పుడు తెలిసింది. కుడిచేతి బొటనవేలి మొదట్లో, మణికట్టుకు ఆనుకుని ఉన్న కీలులో, ఏదో తన చోటు తప్పి మళ్ళీ తన చోటికి వస్తున్న చప్పుడు.

కళ్ళు మూసుకునే ఒక పరీక్ష పెట్టుకున్నాను. దోమతెర అంచున ఎర్రదారంతో కుట్టు ఉంది. చూపుడువేలితో తడిమాను, కుట్టు తర్వాత కుట్టు తెలిసింది. బొటనవేలితో తడిమాను, గుడ్డ ఉందని తెలిసింది, కుట్టు తెలియలేదు. ఇంకొంచెం నొక్కి తడిమాను. తెలియలేదు.

నొప్పి ఉంటే భయపడేదాన్ని కాదు. మూడేళ్ళుగా నొప్పితోనే కాపురం చేస్తున్నాను. ఇవాళ నొప్పి లేకపోవడమే నన్ను లేపి కూర్చోబెట్టింది.

ఆ రోజు శుక్రవారం. ప్రోతరాపూర్ నుంచి గవరమ్మ రావలసిన రోజు. వస్తే ఆమె వీపు చూడాలి. రాకపోతే ఎందుకు రాలేదో ఆలోచించాలి. రెంటిలో ఏది ఎక్కువ భయమో తేల్చుకోలేక, చన్నీళ్ళలో చెయ్యి ముంచి, మునిగిన చేతిని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. వంటింట్లోంచి అమ్మ, పాపా, టీ చల్లారిపోతోందని రెండుసార్లు పిలిచింది.

డైరీ ఫార్మ్ అనే పేటలో ఒక మందుల షాపు పైన రెండు గదులు తీసుకుని ఫిజియోథెరపీ చేస్తాను. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది మావాళ్ళే, ఈ దీవికి వలస వచ్చిన తెలుగు జాలర్లు. వలలు లాగి భుజాలు బిగుసుకున్నవాళ్ళు, ఐసు పెట్టెలు మోసి నడుములు పోగొట్టుకున్నవాళ్ళు, జంగ్లీఘాట్ రేవులో పొద్దంతా వంగి చేపలు కోసే ఆడవాళ్ళు. గదిలో రెండు కరెంటు మిషన్లున్నాయి. వాటి మీద తువ్వాళ్ళు ఆరేస్తాం. మిషను పెడతానంటే మావాళ్ళ ముఖం వాడిపోతుంది. వాళ్ళకు చెయ్యి కావాలి. చేత్తో పట్టనిది వాళ్ళ లెక్కలో వైద్యమే కాదు.

కాలేజీలో మా మేడం మొదటి వారంలోనే చెప్పింది. బొటనవేలు వెతకడానికి, నొక్కడానికి కాదు. నొక్కవలసి వస్తే మోచెయ్యి ఉంది, ఒంటి బరువు ఉంది. ఇద్దరి మధ్య పది నిమిషాలు చేతులు ఊరికే ఉండాలి. రోజుకు ఎనిమిదిమందిని దాటకూడదు. బల్ల ఎత్తు మీ తొడకు సమంగా ఉండాలి. ఇవన్నీ నీలి సిరాతో రాసుకుని, ఎర్ర సిరాతో గీతలు కూడా గీసుకున్నాను. తర్వాత ఒక్కొక్కటీ జారవిడిచాను. డిగ్నాబాద్ వడ్రంగి పడాక్ చెక్కతో చేసిచ్చిన బల్ల నాకు నాలుగంగుళాలు పొట్టి; కాళ్ళకు కర్రముక్కలు అతికించమని అడుగుదామనుకుంటూనే మూడేళ్ళు గడిచాయి. ఎనిమిది పదయింది. పది పద్నాలుగయింది. ఎవరికి లేదనగలను? ఒకరు నాన్నతో కలిసి వేటకు వెళ్ళినవాళ్ళు, ఒకరు నన్ను ఎత్తుకు తిప్పినవాళ్ళు, ఒకరు మా నాయనమ్మ చేతికింద పడుకుని లేచినవాళ్ళు.

నాయనమ్మ పేరు గురువమ్మ. కళింగపట్నం అవతల ఒక పల్లె నుంచి ఓడెక్కి ఈ దీవికి వచ్చింది. అక్కడా ఇక్కడా ఆమె పని ఒకటే, నొప్పి పట్టిన ఒంటిని చేత్తో బాగుచేయడం. ఆమెను ఎవరూ పేరుతో పిలిచేవారు కాదు, 'పెద్దసెయ్యి' అనేవారు. అది మాలో ఒక ఆచారం. ఒంటి మీద చెయ్యి వేసేవాళ్ళ పేరు నోటితో పలకకూడదు. పలికితే దిగిన నొప్పి ఆ పేరు పట్టుకుని వెతుక్కుంటూ వెళ్తుందట. పెద్దసెయ్యి పోయాక, చదువు ముగించుకుని నేను వచ్చాక, నేను 'పాప'నయ్యాను. మెట్ల దగ్గర బోర్డు మీద నా పేరుంది. చదవగలిగినవాళ్ళు కూడా దాన్ని పైకి చదవరు. నేను అమ్మ నడుము పట్టడం మొదలుపెట్టిన రోజునుంచి అమ్మ కూడా పాపా అనే పిలుస్తోంది. నా పేరు విని ఎన్నాళ్ళయిందో నాకే గుర్తులేదు. అయినా అది నాకొక కష్టంగా ఎప్పుడూ తోచలేదు.

కష్టం మంగళవారం వచ్చింది.

ఆ రోజు గవరమ్మ పదమూడో మనిషి. మధ్యాహ్నం రావలసిన మనిషి బస్సు తప్పిపోయి సాయంత్రానికి చేరింది. డెబ్బై నాలుగేళ్ళ వయసులో కుడి భుజం బిగుసుకుపోయి జడ వేసుకోలేక నా దగ్గరికి వస్తోంది. ఎవరి ఒంటి మీదైనా చెయ్యి పెట్టేముందు నేనొక ప్రశ్న అడుగుతాను: కొత్తగా మాత్రలేమైనా వేసుకుంటున్నారా? అరచేతిలో నూనె పోసుకుంటూ అడిగే ప్రశ్న అది. నూనె పోసుకుంటే దానంతటదే నోటికి వస్తుంది. ఆ రోజు నూనె పోసుకున్నాను, ప్రశ్న రాలేదు. ఒళ్ళు నిలబడి ఉంది గాని నేను అందులో లేను. భుజం ఎముక అంచున బొటనవేలు ఆనించి నొక్కాను. ఎంత లోతు వెళ్తోందో తెలియక ఇంకొంచెం నొక్కాను. ఆమె ఒకసారి గాలి పీల్చింది. నొప్పా అని అడిగితే, నీ సెయ్యే కదా, కానీ అంది.

వెళ్ళబోతూ మంచినీళ్ళడిగి, సంచిలోంచి మాత్రల అట్ట తీసి ఒకటి మింగింది. అట్ట మీద పేరు చదివాను. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్ర. ఎప్పటినుంచి అని అడిగాను. ఎనిమిది రోజులైందట, గుండె డాక్టరు ఇచ్చాడట. ఆ మాత్ర వేసుకునేవాళ్ళను అంత లోతుగా నొక్కకూడదు. నొక్కితే లోపల రక్తం చిమ్మి, ఆగవలసిన చోట ఆగదు. అప్పుడే చెప్పవలసింది. నల్లబడితే, వాస్తే, వెంటనే ఆసుపత్రికి వెళ్ళమనవలసింది. జాగ్రత్తగా వెళ్ళు పిన్నీ అని మాత్రం అన్నాను. మెట్లు దిగుతున్న ఆమె వీపు నిటారుగానే ఉంది. ఏమీ కాదులే అనుకున్నాను. బుధవారమంతా అదే అనుకున్నాను. గురువారమంతా అదే అనుకున్నాను. ఫోను చేతిలోకి తీసుకుని పెట్టేశాను. చేస్తే తెలిసిపోతుంది. తెలియకపోతే ఇంకా జరగనట్టే ఉంటుంది.

క్లినిక్కు వెళ్ళేసరికి బల్లకి దుప్పటి పరిచి బేబీరాణి లిస్టు చదువుతోంది. వచ్చేవాళ్ళ పేర్లు రాసేది, ఫోన్లు చేసేది, గొడవపడేవాళ్ళతో గొడవపడేది ఆమే. నాకంటే పదేళ్ళు పెద్దదైనా నన్ను దీదీ అంటుంది. లిస్టులో పద్నాలుగుమంది ఉన్నారనీ, ఇంకో ఇద్దరిని లంచ్ తర్వాత ఇరికించాననీ చెప్పింది. గవరమ్మది పదకొండు గంటలు.

మొదటి మనిషి లోకనాథం తాత. రెండు బోట్ల యజమాని; ఇప్పుడు వేటకు వెళ్ళడు, వెళ్ళేవాళ్ళను తిడతాడు. మెడ పట్టేసి తిట్టడానికి కూడా ఇబ్బందిగా ఉందని వచ్చాడు. బోర్లా పడుకోబెట్టి, మేడం మాట గుర్తు తెచ్చుకుని, మోచెయ్యి ఆనించాను.

ముఖం పెట్టుకోవడానికి బల్లకు కోసిన రంధ్రంలోంచి తాత గొంతు నేలకు వినిపించింది.

"మోసెయ్యెందుకు పాపా, నానేటి మూసేసిన తలుపునా? సెయ్యెయ్యి. మీ పెద్దసెయ్యి ఉన్నప్పుడు ఇలాటి యేసాలు నేవు."

మోచెయ్యి తీసి చెయ్యి వేశాను. బొటనవేలు అతని మెడ మీద ఉందని నా కంటికి కనిపిస్తోంది. నా వేలికి తెలియడం లేదు. ముఖం చూద్దామంటే ముఖం రంధ్రంలో ఉంది. అందుకని అతని కాలివేళ్ళు చూస్తూ నొక్కాను. నొప్పి మితిమీరితే మనిషి కాలివేళ్ళు ముడుచుకుంటాయి. చేత్తో చేయవలసిన పని కంటితో చేస్తూ, ఒక్కొక్క రెప్పపాటు ఒక్కొక్క భయంగా, ఇరవై నిమిషాలు గడిపాను. మధ్యలో మాత్రల సంగతి అడిగాను. మళ్ళీ, మళ్ళీ అడిగాను.

"మూడోసారి అడగతన్నావు. నీకేమైనా మాత్రలు కావాలా ఏటి?" అన్నాడు తాత.

రెండో మనిషి వెళ్ళాడు. మూడో మనిషి వెళ్ళింది. పదకొండయింది. ప్రోతరాపూర్ బస్సు వచ్చి ఆగే చోటు మా కిటికీలోంచి కనబడుతుంది. బస్సు వచ్చింది. గొడుగులు దిగాయి, సంచులు దిగాయి, స్కూలు యూనిఫాం దిగింది. గవరమ్మ దిగలేదు. బేబీరాణి ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. పదకొండుంపావు. మరో బస్సు ఉందేమో అన్నాను. లేదంది. ఎప్పుడైనా ఆలస్యంగా వస్తుందిగా అన్నాను. బేబీరాణి నా వంక చూసి, లిస్టులో తర్వాతి పేరు పిలిచింది.

ఆ పేరు కామమ్మది. ఆమెదీ ప్రోతరాపూరే, గవరమ్మ ఇంటికి నాలుగిళ్ళ అవతల. చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ, అడక్కుండానే చెప్పింది. బుధవారం పొద్దున్నే గవరమ్మను ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారట. ఒక రాత్రి ఉంచుకుని, నిన్న ఇంటికి పంపారట. బాత్రూంలో జారిపడిందట పాపం.

జారిపడిందన్న మాట వినగానే నాకు ఊరట కలిగింది. ఆ సంగతి ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది. ఒక ముసలామె పడిపోయిందని విని నేను ఊపిరి పీల్చుకున్నాను. నేను కాదు, బాత్రూము. నా వేలు కాదు, తడి నేల. ఆ ఊరట ఎంతసేపుందో చెప్పగలను: అరచేతిలో నూనె పోసుకునేంతసేపు. నూనె చల్లగా తగిలింది. కొత్తగా మాత్రలేమైనా అన్న ప్రశ్న నోటి దాకా వచ్చి అక్కడే నిలిచిపోయింది. మంగళవారం సాయంత్రం వెళ్ళిన మనిషి, బుధవారం పొద్దున ఆసుపత్రిలో ఉంది. జారిపడలేదు. నాకు తెలుసు. నూనె వేళ్ళ సందుల్లోంచి కారి గచ్చు మీద పడుతోంది. కామమ్మ వీపు తెరిచి ఎదురుచూస్తోంది. నా చెయ్యి ముందుకు రావడం లేదు.

కామమ్మను లేపి కూర్చోబెట్టి, ఇవాళ చెయ్యలేనని చెప్పాను. ఆమె ఏమనుకుందో చూడలేదు. ముందు గదిలోకి వెళ్ళి క్లినిక్ మూసేయమన్నాను.

"బంద్ కర్‌దూఁ?" బేబీరాణి పెన్ను కింద పెట్టింది. "ఎవరైనా పోయారా దీదీ?"

మూడేళ్ళలో ఎవరైనా పోయినరోజు తప్ప మేం మూసింది లేదు. ఇంకా తెలియదు అని చెప్పి మెట్లు దిగాను. మెట్ల మీద కూర్చున్నవాళ్ళు కాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చారు. ఇప్పుడేటి పాపా, మాకేటి దారి పాపా అన్న మాటలు నా వెనకే రోడ్డు దాకా వచ్చాయి.

బస్సు కదిలేసరికి పన్నెండున్నర. కిటికీ పక్కన కూర్చుని బొటనవేలితో చూపుడువేలి గోరు తడుముతూ వెళ్ళాను. పోక చెట్లు వెళ్ళాయి, రేకుల ఇళ్ళు వెళ్ళాయి, వానకు పాకుడు పట్టిన గోడలు వెళ్ళాయి. ఒక్కొక్క స్టాపు దగ్గర ఒక్కొక్క మాట తయారుచేసుకుని, తర్వాతి స్టాపులో దాన్ని పారేశాను. పిన్నీ, నీ ఒంట్లో బాగులేదని తెలిసి చూసిపోదామని వచ్చాను. అది అబద్ధం. పిన్నీ, ఆ మాత్ర సంగతి నువ్వు ముందే చెప్పి ఉండవలసింది. అది ఇంకా పెద్ద అబద్ధం. దిగేసరికి నా దగ్గర ఏ మాటా మిగల్లేదు.

తలుపు తీసింది స్వాతి, గవరమ్మ కోడలు. లోపలికి రమ్మంది గాని పక్కకు జరగడానికి కొంచెంసేపు పట్టింది. గవరమ్మ మంచం మీద ఎడమవైపుకు ఒరిగి కూర్చుని ఉంది. నన్ను చూసి నవ్వి, ఎండలో వచ్చినావు, నీళ్ళు తాగమంది. స్వాతి నీళ్ళివ్వలేదు. అత్తగారి జాకెట్టు వెనక హుక్కులు తీసి, చీర పక్కకు జరిపి, చూడమన్నట్టు నిలబడింది.

భుజం ఎముక అంచునుంచి పక్కటెముకల దాకా, మధ్యలో నలుపు, చుట్టూ ఊదా, అంచుల్లో పసుపు. తుఫానుకు ముందు సముద్రమ్మీద అలాంటి రంగు చూశాను. ఆ నలుపు మధ్యలో, మిగతా అన్నిటికంటే నల్లగా, ఒక బొటనవేలంత మచ్చ.

"బాత్రూంలో పడితే ఇక్కడ తగులుతుందా దీదీ?" అంది స్వాతి. గొంతు పెంచలేదు. "డాక్టర్ భీ పూఛా. ఎవరైనా కొట్టారా అని నన్ను పక్కకి పిలిచి అడిగాడు. నన్ను. కోడల్ని కదా."

ఆ నింద ఎవరి మీద పడిందో అప్పుడు తెలిసింది. మూడు రోజులుగా నేను ఫోను ఎత్తి పెట్టేస్తుంటే, ఆ బరువు ఈ అమ్మాయి మోస్తోంది.

గవరమ్మ చీర కప్పుకుంది. జారిపడ్డానని సెప్పినాను కదా, ఇంకేటి అంది. స్వాతి ఆపలేదు. కళ్ళు తిరిగి పడి ఉంటుందని డాక్టరు బీపీ మాత్ర సగానికి తగ్గించాడనీ, నిన్నటినుంచి తల దిమ్ముగా ఉందంటోందనీ, పొద్దున చూస్తే బీపీ పైకి ఎక్కి ఉందనీ చెప్పింది.

అప్పుడు నాకు మాటలు దొరికాయి. తయారుచేసుకున్న మాటలు కావు.

"పిన్ని పడలేదు. అది నా వేలు. నా బొటనవేలికి స్పర్శ తెలియడం లేదు. ఆ రోజు మాత్రల సంగతి అడగలేదు. తర్వాత అట్ట చూశాను, చూసి కూడా చెప్పలేదు."

బయట ఎవరో కొబ్బరి మట్ట ఈడ్చుకుపోతున్నారు. స్వాతి నా ముఖం చూడలేదు, నా చెయ్యి చూసింది. ఇప్పుడేం చెయ్యాలి అంది.

డాక్టరుకు నిజం తెలియాలి; తెలిస్తేనే బీపీ మాత్ర సరిచేస్తాడు. నోట్‌బుక్కులో కాగితం అడిగి తీసుకుని అంతా రాశాను. ఏ రోజు, ఏ గంటకు, ఎక్కడ, ఎంత గట్టిగా. ఆమె పడలేదని, ఎవరూ కొట్టలేదని. పెన్ను జారిపోతుంటే చూపుడువేలికీ నడిమివేలికీ మధ్య పెట్టుకుని రాశాను. అక్షరాలు రెండో తరగతి పిల్లవి. చివర నా పేరు, ఫోను నంబరు. మా ఆచారం పేరు పలకవద్దంది, రాయవద్దనలేదు. స్వాతి కాగితానికి ఫొటో తీసి భర్త యుగంధర్‌కు పంపింది. అతను పనిచేసే ఆఫీసు ఆసుపత్రికి దగ్గరే. ఆ కాగితంలో ఉన్న పేరు రేపు ఎక్కడెక్కడికి వెళ్తుందో, బోర్డు మిగులుతుందో లేదో అని ఒక మూల ఆలోచన పాకుతూనే ఉంది. అయినా మంగళవారం సాయంత్రం మొదలైన భయం, ఫొటో వెళ్ళిన ఆ చిన్న చప్పుడుతో, కొంచెం తగ్గింది.

జవాబు రావడానికి రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ గవరమ్మ మాట్లాడింది.

ఎందుకు అబద్ధం చెప్పావు పిన్నీ అని అడిగాను. ఆమె నావంక వింతగా చూసింది.

"ఎవులు పట్టినారని అడుగుతారు. నీ పేరెలా ఎత్తుతాను? ఎత్తితే ఈ నొప్పి నీకాడికొచ్చీదా నేదా?"

వచ్చేసింది పిన్నీ, ఎవరూ ఎత్తకుండానే వచ్చేసింది అని నా చెయ్యి చూపించాను. ఆమె ఆ చేతిని తన ఒళ్ళో పెట్టుకుంది. బొటనవేలిని అటూ ఇటూ కదిపింది. టక్‌మంది. ఆ చప్పుడుకు ఆమె ముఖంలో ఏదో మారింది. సాయంత్రాలు పెద్దసెయ్యిని ఎవరు పిలిచేవారో తెలుసా అని అడిగింది. ఆమెను ఎవరూ పిలిచేవారు కాదుగా, అదే ఆచారంగా అన్నాను.

అది సగమేనంది గవరమ్మ.

మిగతా సగం ఆమె మెల్లగా చెప్పింది. పల్లెలో పొద్దు పొడిచాక ఎవరూ పెద్దసెయ్యి పేరు ఎత్తేవారు కాదు, నిజమే. కానీ పొద్దు గుంకగానే ఒకరు గడపలో నిలబడి, వీధంతా వినబడేలా, ఆమెను పేరు పెట్టి పిలవాలి. పిలిస్తే చెయ్యి దిగినట్టు. ఆ తర్వాత ఆ రాత్రికి ఆమె ఎవరి ఒళ్ళూ పట్టదు, ఎవరూ అడగరు. రాజుగారొచ్చి పడిపోయినా అడగరు. మళ్ళీ పొద్దు పొడిస్తే మళ్ళీ పెద్దసెయ్యి. పిలవడానికి పక్కింటి ఆడపిల్లను పెట్టుకునేవారు. ఆ పక్కింటి ఆడపిల్ల గవరమ్మ.

"ఈ దీవికొచ్చినాక గూడా పిలిసినాను, కొన్నాళ్ళు. అక్కడ తెప్పలు మజ్జాన్నానికే ఒడ్డుకొచ్చీవి. ఇక్కడ ఐదు కొట్టీసరికి చీకటడిపోతాది. మగోళ్ళు పనుల్లోంచి దిగీదే అప్పుడు. నాను గడపలో నిలబడీసరికి వాకిట్లో పదిమంది. ఇయ్యాల్టికి పిలవకే గుంటా, రేపు పిలుద్దువులే అన్నారు. రేపూ అదే అన్నారు. నాకేటి తెలుస్తాది, ఆడుకోడానికి పోయినాను. తర్వాత ఎవులూ నన్ను పిలవమన్నేదు."

చివర్లో పెద్దసెయ్యి గ్లాసెలా పట్టుకునేదో గుర్తుందా అని అడిగింది.

గుర్తుంది. పట్టుకునేది కాదు. రెండు అరచేతుల మధ్య నొక్కి, వణుకుతూ ఎత్తి, సగం ఒలకబోసుకునేది. చివరి రెండేళ్ళూ అమ్మ అన్నం కలిపి పెట్టింది. వయసు మీద పడిందనుకున్నాం. ఆ వేళ్ళు ఒక్కసారీ చూడలేదు. చూడటం చదువుకున్నదాన్ని నేనే. ఆఖరి సెలవుల్లో వచ్చినప్పుడు ఆమె చేత్తో నా తల నిమిరితే, బొటనవేలు ఒక్కటి వంగకుండా కర్రలా తగిలింది. తగిలిందని గుర్తుంది. ఏమిటని అడిగినట్టు గుర్తులేదు.

మూడున్నరకు యుగంధర్ ఫోను చేశాడు. డాక్టరు కాగితం చూశాడట. బీపీ మాత్ర వెంటనే మామూలుగా వేసేయమన్నాడట, సోమవారం తీసుకురమ్మన్నాడట, వాపు పెరిగితే ఆ క్షణమే రమ్మన్నాడట. రాసినవాళ్ళ గురించి ఏమన్నాడని స్వాతి అడిగింది. ఆ చెయ్యి కూడా ఎవరైనా చూడాలి కదా అని డాక్టరు అన్నాడట. స్వాతి మాత్ర తెచ్చి అత్తగారికి ఇచ్చింది. నాకు నీళ్ళు తెచ్చింది. గ్లాసు నా ఎడమచేతి వైపు పెట్టింది.

ఐదు కావస్తుండగా వెలుగు పోక చెట్ల కిందికి దిగింది. వెళ్ళొస్తానని లేచాను. బేబీరాణి ఫోను.

మెట్ల మీద ఆరుగురు కూర్చుని ఉన్నారని చెప్పింది. పొద్దున పంపేసినవాళ్ళు మళ్ళీ వచ్చారట. ఆమె ఇంకేదో చెబుతుండగానే ఫోను చేతులు మారింది. లోకనాథం తాత.

"ఆలందర్నీ పంపీసినాను పాపా. మా బోటు యర్రయ్య ఒక్కడే. భుజం పట్టీసింది, తెల్లారగట్ల ఏటకెళ్ళాల. ఒక్కడే. నీకెంతసేపు?"

ఒక్కడే. ఎప్పుడూ ఒక్కడే. పద్నాలుగుమందీ ఒక్కొక్కడుగానే వచ్చారు. యర్రయ్య నాకు తెలుసు. ఇంట్లో ముగ్గురు చిన్నపిల్లలు, ఒక్క రోజు వేట తప్పితే తప్పినట్టే. ఇప్పుడు బయలుదేరితే ఆరింటికి చేరతాను. ఎడమచేత్తో పట్టవచ్చు. మోచెయ్యి వేయవచ్చు. వద్దనడానికి నోరు తెరిచాను. లోపల ఉన్నది ఆ మాట కాదు. వస్తున్నాననే మాటే మూడేళ్ళుగా అక్కడ కాపు కాస్తోంది. నా చేతిలో ఫోను, ఫోనులో తాత గొంతు, పాపా, ఉన్నావా పాపా.

వెనక మంచం కిర్రుమంది.

గవరమ్మ లేచింది. స్వాతి పట్టుకోబోతే వద్దని, ఎడమచేత్తో గోడ ఆనుకుని, ఒక్కొక్క అడుగే వేస్తూ నన్ను దాటి వెళ్ళింది. బాగులేని భుజం కిందికి వాలిపోయి ఉంది. నీ బాలసారెకి నానూ వొచ్చినాను, మరిసిపోనేదు అంది, నా వైపు తిరగకుండా. గడపలో నిలబడింది. పొద్దు అప్పటికే చెట్ల వెనక మునిగింది. వీధిలో ఒకరిద్దరు గేట్ల దగ్గర నిలబడి ఉన్నారు. ఆమె వీధివైపు ముఖం పెట్టి, ఆ నల్లబడిన వీపంతా నిండేలా ఊపిరి పీల్చింది. పిలవడం మానేసిన అరవై ఏళ్ళ తర్వాత, పక్కింటి ఆడపిల్ల గొంతు ఇంకా అక్కడే ఉందా అన్నట్టు ఒక్క క్షణం ఆగింది.

"లక్ష్మీకుమారీ."